మూడు గంటల ఛార్జింగు

"ప్లగ్గు పెట్టినంక మళ్ల పెట్రోలు పోయాల్నా? గదేం కారు?" అంది రచన.

సుశాంత్ నవ్వాడు. వికారాబాద్‌లోని ఆ సర్కారు భవనం వరండాలో, బెంచీ మీద ఇద్దరూ పక్కపక్కన కూర్చుని అరగంటయింది. వాళ్లకంటే ముందు ఇంకా నలుగురున్నారు.

"రెండూ ఉంటయి దాంట్ల. మొదలు యాభై కిలోమీటర్లు కరెంటు మీద పోతది. అది అయిపోతే పెట్రోలు అందుకుంటది. నడుమల ఆగిపోతదన్న ఫికర్ ఉండదు."

"మరి పూరా కరెంటుది?"

"అది మూడు వందలు పోతది. గని అనంతగిరి గుట్ట ఎక్కేటప్పుడు బ్యాటరీని మస్తు గుంజుతది."

"దిగేటప్పుడు జరంత నిండుతది గద. మా కాలేజీల ఫిజిక్స్ సారు అదే కారు తీస్కుండు. రోజూ పొగుడుతడు."

సుశాంత్‌కు తాండూరులో నాపరాళ్లు పాలిష్ చేసే యూనిట్టు ఉంది. రచన వికారాబాద్‌లో జూనియర్ కాలేజీ లెక్చరర్. రెండో తరగతి చదివే పాప ఆమె దగ్గరే ఉంటుంది. శని, ఆదివారాలు తాండూరులో. ఆ ప్రయాణానికే ఈ కొత్త కారు. పాత జీపులో డీజిలు వాసన పాపకు పడదు. గుట్ట దాటేలోపు రెండుసార్లు వాంతి చేసుకుంటుంది. ఏ కారు కావాలో సాయంత్రంలోగా చెప్పమని షోరూం అతను పొద్దుటి నుంచీ ఫోన్లు చేస్తున్నాడు.

రచన ఒళ్లో ఉన్న ఫైలు వెనక్కి తిప్పి, అట్ట మీద పెన్నుతో ఒక నిలువు గీత గీసింది. ఆమె చెప్పేది కామర్స్. గీత గీయకుండా లెక్క మొదలుపెట్టదు.

"పోను రాను ఎనభై. ఒక్క తిరుగుడుకే జూద్దాం. పూరా కరెంటుదానికి పన్నెండు యూనిట్లు. యూనిటు తొమ్మిదనుకో, నూట ఎనిమిది. ఇగ నీ రెండు తీర్ల దానికి?"

"కరెంటు మీద యాభైకి ఎనభై రూపాయలు. తతిమ్మ ముప్పై పెట్రోలు మీద. లీటరున్నర."

"నూట అరవై. మొత్తం రెండు వందల నలభై. ఇంజనాయిలు, సర్వీసింగు మళ్ల వేరే." ఆమె తలెత్తింది. "డబులు కంటె ఎక్కువ, సుశాంత్."

"ఒకటి మర్చిపోయినవ్." ఈ మాట కోసమే ఎదురుచూస్తున్నట్టు అతను కొంచెం ముందుకు వంగాడు. "వికారాబాద్ వచ్చినంక ఇక్కడి ఇంట్ల ప్లగ్గు పెడితే మళ్ల నిండుతది. పోయేటప్పుడు గూడ కరెంటు మీదనే పోవచ్చు. పెట్రోలు చుక్క కాలదు. అప్పుడు రెండిటికి ఇరవై రూపాయలే తేడా."

"నిండనీకి ఎంతసేపు?"

"మూడు గంటలు."

పెన్ను ఆగింది.

"మూడు గంటలు ఏం జేస్తవ్?"

"కూసుంట."

రచన పెన్ను పక్కన పెట్టింది. గోడవైపు చూసింది, మళ్లీ అట్ట మీది అంకెల వైపు చూసింది.

"తొమ్మిదేండ్లల ఎప్పుడన్న మూడు గంటలు ఇంట్ల కూసున్నవా?"

ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండుననిపించింది సుశాంత్‌కు. వచ్చిన ప్రతిసారీ చెవి దగ్గర ఫోనే. లారీ లోడింగు, విరిగిన బండలు, కూలీల పంచాయితీ. రచన జ్వరంతో పడుకున్న రోజు కూడా మందుల చిట్టీ షాపువాడికి ఫోనులోనే చదివి వినిపించి, లారీ వెంట వెళ్లిపోయాడు. "జర కూసో" అనడం ఆమె మానేసి రెండేళ్లయింది. మానేసిందని అతను గమనించింది మాత్రం ఈ మధ్యనే.

"ఇప్పుడు కూసుంట. పాప హోంవర్కు రాస్తుంటే జూస్త. నువ్వు చాయ్ పెట్టకున్నా సరే."

"పాప ఎదురుజూస్తది." ఆమె గొంతు తగ్గింది. "మొదటి వారం కూసుంటవ్. రెండోవారం లారీ వచ్చిందంటవ్. ఇగ పిల్ల గేటు కాడ నిలబడే ఉంటది. నేనెన్ని దినాలు నిలబడ్డనో నాకెరుక."

సుశాంత్ వెనక్కి జరిగి బెంచీకి ఆనుకున్నాడు.

"పూరా కరెంటుదే తీస్కో," అంది రచన మెల్లగా. "తాండూరుల నింపుకుంటే పోయి రావచ్చు. యాడా ఆగే పనుండదు."

అప్పుడే ఫోను మోగింది. షోరూం అతనే.

"సార్, ఏది బుక్ జేయమంటరు?"

సుశాంత్ రచన వైపు చూశాడు. ఆమె రోడ్డు మీద వెళ్తున్న బస్సును చూస్తోంది.

"పూరా కరెంటుది."

"మంచిగ సెలక్షన్ జేసిన్రు సార్. మేడమ్‌కు నచ్చిందా?"

"మేడమే చెప్పింది."

ఫోను జేబులో పెట్టుకుని చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు.

"కోపమొచ్చిందా?" అడిగింది.

"లేదు. నీ లెక్క కరెక్టే. ఒక్క ముచ్చట మీద గింతసేపు కొట్లాడకుండ మాట్లాడినం, చూసినవా?"

"చూసిన." రచన పెన్ను మూత పెట్టింది. "నాకు గూడ గదే అనిపించింది."

లోపలి నుంచి ఇద్దరి పేర్లూ వినిపించాయి. రచన లేచి చీర కుచ్చిళ్లు సవరించుకుంది. ఫైలు తను పట్టుకుంటానని సుశాంత్ చెయ్యి చాపాడు. ఆమె క్షణం తటపటాయించి ఇచ్చింది. ఇద్దరూ కలిసే లోపలికి నడిచారు. గుమాస్తా వేలు పెట్టి చూపించిన చోటల్లా ముందు ఆమె, తర్వాత అతను సంతకాలు చేశారు.

జడ్జి ముందు అయిదు నిమిషాల్లో విడాకులు మంజూరయ్యాయి.