గురువారం లిస్టు

"రెండు నెలల దాకా ఖాళీ లేదు బాబూ" అంది నర్సు మంజులత, లిస్టు తిరగేస్తూ.

పృథ్వీరాజ్ ముఖం మాడిపోయింది. కబడ్డీ ఆడుతుండగా కుడిభుజం కీలు జారడం ఇది నాలుగోసారి. ఆపరేషన్ చేసి బిగిస్తే, మళ్లీ కోర్టులో దిగడానికి ఆరు నెలలు. రాష్ట్ర జట్టు ఎంపిక ఏడో నెలలో.

"ఈ గురువారమే కావాలి సిస్టర్. లేకపోతే నా ఆట అయిపోయినట్టే."

"భుజాల డాక్టరుగారు గురువారాలే వస్తారు. నేనేం చెయ్యను?"

జూబ్లీహిల్స్‌లోని ఆ ఆసుపత్రి బెంచీ మీద కూలబడ్డాడు. పక్కన యాభయ్యేళ్ల మనిషి, ఎడమచెయ్యి మెడకు కట్టిన గుడ్డలో వేసుకుని కూర్చున్నాడు.

"భుజమేనా బిడ్డా? నాది గూడ గదే. జారినప్పుడల్లా గుంజి ఎక్కిచ్చుకున్న, ఖరాబైంది. నువ్వు గట్ల చెయ్యకు."

"నువ్వూ కబడ్డీయేనా?"

"కాదు. నా పేరు వెంకటనర్సయ్య. సినిమాల ఫైటర్ని. కృష్ణానగర్ల ఉంట. హీరో కొడితె ఎగిరి పడుడే నా పని."

అసలే మండుతున్నాడేమో, పృథ్వీరాజ్ నోరు జారాడు.

"పరుపుల మీద ఉత్తుత్తిగా పడేవాళ్లతో లిస్టు నిండిపోతే, నిజంగా ఆడేవాళ్లకి చోటెక్కడిది?"

చుట్టూ ఉన్నవాళ్లు కిసుక్కున నవ్వారు. ఆయనా నవ్వాడు.

"నిజమే బిడ్డా. మావి ఉత్తుత్తివే."

సాయంత్రం ఫోనొచ్చింది. గురువారం ఒక ఖాళీ దొరికిందట!

కోచ్ ఎవరిచేతో చెప్పించి ఉంటాడనుకున్నాడు పృథ్వీరాజ్. తన ఆటకు ఆ మాత్రం విలువ ఉండదా అని తెగ మురిసిపోయాడు కూడా.

ఏడో నెలలో జట్టులో చోటొచ్చింది. మిఠాయి డబ్బా పట్టుకుని ఆసుపత్రికి వచ్చాడు.

అదే బెంచీ మీద అదే మనిషి. ఎడమచెయ్యి ఒళ్లో వాలిపోయి ఉంది. కుడిచేత్తో మిఠాయి అందుకున్నాడు.

"సెలెక్ట్ అయినవా? శానా సంతోషం బిడ్డా."

అప్పుడన్న మాట గుర్తొచ్చి పృథ్వీరాజ్ సిగ్గుతో చచ్చిపోయాడు. క్షమించమందామనుకున్నాడు. కానీ తల దించుకుని కౌంటర్ దగ్గరికి నడిచాడు.

"ఆయనకి ఆపరేషన్ చెయ్యలేదా సిస్టర్?"

"చేశారు గానీ ఆలస్యమైంది. ఈలోగా షూటింగుకెళ్లి పడ్డారు. భుజం మళ్లీ జారి నరం దెబ్బతింది. ఇక ఆ చెయ్యి పైకి లేవదట."

"మరి ముందే చేయించుకోవచ్చుగా?"

మంజులత చేతిలో లిస్టు పక్కన పెట్టింది.

"ఆ గురువారం వెంకటనర్సయ్యగారిదే బాబూ. 'నా పేరు కొట్టేసి, నిజంగ ఆడే పిలగాని పేరు రాయుండ్రి' అని ఆయనే చెప్పి వెళ్లారు."