రోజుకో అడుగు

ఎదురింటి వైపు ఆ మనిషి మళ్లీ వచ్చాడు. టైలరమ్మ కుట్టుమిషను ఆపేసింది.

సాయంత్రం ఐదు. ఎండ ఇంకా చుర్రుమంటూనే ఉంది. అంత ఎండలోనూ అతనికి పొడుగు చేతుల చొక్కా, చేతులకి గ్లౌజులు, తల మీద టోపీ, మొహానికి గుడ్డ, పైన నల్ల కళ్లద్దాలు. ఒంట్లో అంగుళం కూడా బయటికి కనిపించదు. ఏ తప్పూ చేయనివాడికి ఇంత దాపరికం దేనికి?

ఆవిడ ఆ వీధిలోకి అద్దెకొచ్చి రెండు నెలలే. మేడ మీద గది, కిటికీ ముందు మిషను. తల ఎత్తితే చాలు, ఎదురింటి వాకిలంతా కళ్లముందే ఉంటుంది. ఆ ఇంట్లో ఒక తల్లి, నాలుగేళ్ల పాప, మోకాలెత్తు నల్లకుక్క. తల్లి మందుల షాపులో పనిచేస్తుంది. మీ ఆయనేరీ అని ఒకసారి అడిగితే, ఇంట్లో లేక ఎనిమిది నెలలైందని మాత్రం చెప్పి మాట మార్చేసింది. అప్పుడే టైలరమ్మకి ఏదో తేడా కొట్టింది.

కళ్లద్దాల మనిషి ఒంటరిగా రాడు. నడుముకి చిన్న సంచీ కట్టుకున్న ఒకావిడ వెంట ఉంటుంది. కుక్కలకి శిక్షణ ఇస్తుందట. మొదటి రోజు అతన్ని వీధి చివర కరెంటు స్తంభం దగ్గర నిలబెట్టింది. వాకిట్లో పాప కుక్క తాడు పట్టుకుని ఉంది, గుమ్మంలో తల్లి. అతను కనిపించగానే పాప రెండడుగులు వెనక్కి వేసింది, తాడు బిగిసింది, కుక్క వీధి దద్దరిల్లేలా అరిచింది.

శిక్షణావిడ అతన్ని ఇంకా వెనక్కి పంపి, అరుపు ఆగిన చోట ఆపింది. సంచీలోంచి ఒక ముక్క తీసి కుక్కకి పెట్టింది. పాప చేతిలోనూ ఓ బిస్కెట్ పెట్టింది.

"తాడు వదులుగా పట్టుకో బంగారం. నీ చెయ్యి బిగిస్తే దానికి తెలిసిపోతుంది" అంది.

మర్నాడు అతను ఒక అడుగు ముందుకి. ఆ మర్నాడు ఇంకొకటి.

వారం తిరిగేసరికి టైలరమ్మకి ఉండబట్టలేదు. దారపు రీళ్ల కోసం వెళ్తున్నట్టు కిందికి దిగి, ఏంటమ్మా ఇదంతా అని శిక్షణావిడని ఆపి అడిగింది.

"బెదురు పోగొడుతున్నామండీ" అందావిడ. "అరుపు పొగరుతో వచ్చేది కాదు, భయంతో వచ్చేది. కసిరితే ఇంకా ముదురుతుంది. భయం వేయనంత దూరంలో ఉంచి, ఇష్టమైంది పెట్టాలి. రోజుకో అడుగు దగ్గరవ్వాలి."

ఇంతకీ ఆయనెవరని అడిగితే మాత్రం, వినబడనట్టు సంచీ సర్దుకుంటూ వెళ్లిపోయింది.

టైలరమ్మ పైకొచ్చి మొగుడికి పూసగుచ్చినట్టు చెప్పింది. ఆయన పేపర్లోంచి తల ఎత్తకుండానే, నీకు గుండీల మీద కన్నా గూఢచర్యం మీద ధ్యాస ఎక్కువైంది అన్నాడు. ఆ రోజు ఒక చొక్కాకి కాలరు తిరగేసి కుట్టిన మాట నిజమే. అయినా ఆవిడ కిటికీ వదల్లేదు.

పదిహేనో రోజు అతను సగం వీధి దాటి వచ్చాడు. అంతా నిమ్మళంగా ఉంది కదా అని కళ్లద్దాలు తీశాడు. పాప తాడు వదిలేసి లోపలికి పరిగెత్తింది. కుక్క గేటు మీదికి లంఘించి అరిచింది. అతను గబగబా అద్దాలు పెట్టుకుని వెనుదిరిగాడు. మర్నాడు మళ్లీ స్తంభం దగ్గరే.

ఆ తర్వాత చూసిందే టైలరమ్మకి అసలు నిద్ర లేకుండా చేసింది. ఒక మధ్యాహ్నం అతను ఒక్కడే వచ్చాడు. పాప లోపల నిద్రపోతున్నట్టుంది. గేటు ఓరగా తెరిచి ఉంది. కుక్క బయటికొచ్చింది. ఇక పీకేస్తుందనుకుంది ఆవిడ. కుక్క కిక్కురుమనలేదు. అతని బూటు మీద గడ్డం ఆనించి పడుకుంది. తోక నేలని ఊడుస్తోంది. అతను వీధిలోనే చతికిలబడి దాని మెడలో తల దాచుకున్నాడు.

కొత్తవాడి దగ్గర ఏ కుక్కయినా అలా చేస్తుందా? అంటే ఎప్పటినుంచో రాకపోకలున్న మనిషే. మరి ఈ శిక్షణా, ఈ అడుగులూ ఎవరి కళ్లు కప్పడానికి? వీధి కళ్లు కప్పడానికే. కుక్కకి అలవాటు చేశామని నలుగురికీ చూపిస్తే, రేపు అతను ఏ వేళకి వచ్చినా ఎవరూ వింతగా చూడరు. పాపం, ఆ భర్త ఎక్కడున్నాడో ఏమో.

నెల తిరిగాక, కుట్టిన పాప గౌను తీసుకుని సరిగ్గా ఐదింటికి ఎదురింటికి వెళ్లింది. ఈసారి అతను గేటు లోపలే ఉన్నాడు. మోకాళ్ల మీద కూర్చుని గ్లౌజు చెయ్యి చాచాడు. చేతిలో బిస్కెట్. కుక్క చప్పుడు చేయలేదు. పాప ఒక్క క్షణం తటపటాయించి, వేలి కొసలతో అందుకుంది. గుమ్మంలో తల్లి కళ్లనిండా నీళ్లు.

ఆ కన్నీళ్లు చూసి టైలరమ్మ గట్టిపడింది. గౌను తల్లి చేతిలో పెట్టి గొంతు తగ్గించింది.

"నాకెందుకులే అనుకున్నానమ్మాయీ. పెద్దదాన్ని, చెప్పకుండా ఉండలేకపోతున్నా. ఆ కుక్కకి ఆయన కొత్తేం కాదు, నా కళ్లారా చూశాను. రేపు మీ ఆయనొస్తే ఏం చెబుతావు?"

తల్లి వాకిట్లోంచి చూపు తిప్పలేదు.

"కుక్కకి ఆయన కొత్తెందుకవుతారు పిన్నిగారూ, మంటల్లో మొహం కాలి ఎనిమిది నెలలు ఆస్పత్రిలో ఉండొచ్చిన మా ఆయన్ని అది మొదటి రోజే గుర్తుపట్టింది, పాప బెదిరితేనే అరిచేది, మేం బెదురు పోగొడుతున్నది మా పాపకి."