సీరియస్లీ ఆంటీ

"సీరియస్లీ చెప్తున్నానమ్మా, పాపకి ఒకసారి చెవులు చూపించు."

రష్మికి ఒళ్ళు మండిపోయింది.

అమెరికాలోని క్యారీలో, ఆ అపార్ట్‌మెంట్ల పార్కుకి సాయంత్రమైతే చాలు, ఈవిడ తయారు. నేత చీర మీద స్వెట్టరు, కాళ్ళకి స్పోర్ట్స్ షూస్. కూతురి దగ్గర ఆరు నెలలుంటుందట. నోరు తెరిస్తే సీరియస్లీ. ఎండ సీరియస్లీ బావుంది, ఇక్కడి దోసకాయ సీరియస్లీ చప్పగా ఉంది.

రష్మి ఆవిడకి 'సీరియస్లీ ఆంటీ' అని పేరు పెట్టి, భర్త కౌస్తుభ్‌కి చెప్పి నవ్వేది.

ఇవాళ నవ్వు రాలేదు. మూడేళ్ళు నిండినా వేదకి మాటలు రావడం లేదని తను కుమిలిపోతుంటే, పైన చెవుడొకటి అంటగడుతోందా ఈ మనిషి?

"ఇంట్లో రెండు భాషలు కదా ఆంటీ, అది కన్ఫ్యూజ్ అవుతోంది. అందుకే తెలుగు మానేశాం."

"భాషేం చేసింది తల్లీ పాపం? వెనకనుంచి పిలిస్తే తిరగట్లేదు, చూశావా?"

ఆటలో పడితే ఏ పిల్లలు పలుకుతారని విసురుగా అనేసి, పాపని ఎత్తుకుని వచ్చేసింది రష్మి. మర్నాటి నుంచి పార్కుకే వెళ్ళడం మానేసింది.

చలికాలమంతా గడిచాక డేకేర్ వాళ్ళూ అదే మాట అన్నారు. అప్పటికి గానీ తను కదల్లేదు.

పిల్లల చెవుల డాక్టర్ తేజేశ్వర్ తెలుగువాడే. పరీక్షలన్నీ చేసి, పాపకి సగం మాటలు వినపడటం లేదన్నాడు. చెవులకి మిషన్లు పెడితే మాటలొస్తాయి గానీ, పోయిన నెలలు పోయినట్టే.

"సీరియస్లీ, ఇంకాస్త ముందు తేవాల్సిందండీ."

రష్మి ఉలిక్కిపడింది. తమ పార్కులోనూ ఒకావిడ అచ్చం ఇలాగే అనేవారని చెప్పింది.

"నేత చీర, స్పోర్ట్స్ షూసా?" డాక్టర్ నవ్వాడు. "ఉమామహేశ్వరి గారు. మెడికల్ కాలేజీలో మా ప్రొఫెసర్. ఈ ఊతపదం ఆవిడ దగ్గరే మాకందరికీ అంటుకుంది."

రష్మి ఆవిడని ఒకసారి కలవాలంది.

"పోయిన వారమే ఇండియా వెళ్ళిపోయారండీ. వెళ్తూ కూడా ఒకటే బెంగ. పార్కులో ఎవరో పాపట, వాళ్ళమ్మకి కోపమొచ్చి తీసుకురావడం మానేసిందట." వేద చెవి వైపు వంగి కొలత చూసుకుంటూ అన్నాడాయన. "మళ్ళీ వస్తే ఈసారి మెల్లిగా చెప్పాలని, అంత చలిలోనూ రోజూ వెళ్ళి ఆ పార్కు బెంచీ మీదే కూర్చున్నారు, సీరియస్లీ."