పొగాకు కొట్టంలో పెళ్లి

"ఆ గిన్నె ఇలా ఇచ్చెయ్. నువ్వు లోపలికి వెళ్లకు," అంది దొరసాని మార్జరీ, గుమ్మానికి అడ్డంగా నిలబడి.

పనిమనిషి థామసిన్ చేతిలో మొక్కజొన్న గంజి పొగలు కక్కుతోంది. గంజి ఒక వంక మాత్రమే. దొరగారిని ఒక్క మాట అడగాలని పొద్దుటి నుంచి గుండె చిక్కబట్టుకుని అక్కడి దాకా వచ్చింది.

"ఒక్క నిమిషం అమ్మగారూ. పెళ్లి సంగతి అడిగి వచ్చేస్తాను."

"బాగానే ఉంది! గంజితో సహా గిన్నె నీ మొహాన కొడతాడు. వినబడటం లేదూ?"

వినబడుతోంది. ఆకు సరిగా ఆరకముందే పీపాల్లో కుక్కుతున్నారనీ, అంతా బూజు పట్టి చస్తుందనీ హార్వుడ్ దొర మంచం మీద నుంచే అరుస్తున్నాడు. ఆయన గొంతు మామూలుగానే అంత. జ్వరం వస్తే నది అవతలి వాళ్లు కూడా ఉలిక్కిపడతారు.

"పనిమనిషి పెళ్లాడితే కడుపొస్తుంది, కడుపొస్తే పని పడకేస్తుంది. మగాళ్ల లెక్క అంతే," అంది దొరసాని గొంతు తగ్గించి. "ఆయన ఒకసారి కాదన్నాక ఇక నేనూ ఏం చెయ్యలేను. అదే పెళ్లయ్యాక అయితే మెల్లగా సర్దిచెబుతాను. మూడో మొగుడమ్మా నాకు! ఎప్పుడు అడగాలో, ఎప్పుడు ఊరికే చెప్పాలో ఆమాత్రం తెలీదూ?"

థామసిన్ భయం ఊరికే వచ్చింది కాదు. ఓడ కిరాయికి బదులు నాలుగేళ్ల చాకిరీ రాసిచ్చి వర్జీనియాకు వచ్చింది. క్రిస్మస్‌కు కరారు తీరుతుంది. ఈలోగా యజమాని సెలవు లేకుండా పెళ్లాడితే, కోర్టు ఆ నాలుగేళ్లనూ మళ్లీ మొదటి నుంచి చేయిస్తుంది. పక్క తోటలో ఎలినార్ అలాగే గుట్టుగా పెళ్లాడింది. ఇప్పటికీ అక్కడే పార పట్టుకుని ఉంది. మొగుడు ఆదివారాలు వచ్చి కంచె అవతల నుంచి చూసి పోతుంటాడు.

"అయితే క్రిస్మస్ దాకా ఆగుతాను అమ్మగారూ."

"ఆగు, నాదేం పోయింది? పాదిరిగారి పడవ రేపొస్తుంది, మళ్లీ వసంతానికే. నీ గిల్బర్ట్ చూస్తే ఎల్లుండి ఎగువన కొత్త నేలకు పోతున్నాడు. వసంతానికి ఎవరుంటారో ఎవరు పోతారో! నా మొదటి మొగుడు ఆదివారం మాట్లాడుకుందామని చెప్పి శుక్రవారమే పోయాడు. పెళ్లంటూ అయితే వాడి నేలలో నీకు వాటా. కాకపోతే పక్కన కూర్చుని ఏడవడానికి కూడా హక్కుండదు."

అది నిజమేనని థామసిన్‌కు తెలుసు. తనతో ఓడ దిగిన ఆడపిల్లల్లో సగం మందిని మొదటి ఎండాకాలమే పూడ్చిపెట్టారు.

"మరి దొరగారు కోర్టుకెళితే?"

"మంచం దిగలేని మనిషి కోర్టుకెక్కడెళతాడే? ఇప్పుడు ఈ ఇంటి తరఫున వెళ్లాల్సింది నేనేగా. నీ మీద నేను వెళతానా, పిచ్చిమొహమా?" అంటూ దొరసాని ఆమె చెంప నిమిరింది.

నమ్మి చెడినవాళ్లు లేరంటారు. థామసిన్ నమ్మింది.

గిల్బర్ట్‌ను ఒప్పించడమే కష్టమైంది. అతను పీపాలు చేసేవాడు, తన కరారు ఎప్పుడో తీరి స్వతంత్రుడైనవాడు.

"అడిగేద్దాం థామసిన్," అన్నాడు పీపాకు కట్టు బిగిస్తూ. "కాదంటే కాదంటాడు. నాలుగు తిట్లు తిడతాడు. తిట్లు మనకేమైనా కొత్తా?"

"అమ్మగారు అంత మాట ఇచ్చాక ఇంకా అడుగుదాం అంటావేంటి? నీకు పెళ్లి ఇష్టం లేకపోతే ఆ ముక్క చెప్పు."

ఆ దెబ్బకు గిల్బర్ట్ సుత్తి పక్కన పెట్టేశాడు.

మర్నాడు మధ్యాహ్నం పొగాకు కొట్టంలో, వేలాడుతున్న ఆకు కింద, వాళ్ల పెళ్లి జరిగింది. దొరసాని తన నీలం గౌను ఇచ్చింది. తలకట్టు తనే సర్దింది. పక్క తోటల నుంచి ఇద్దరు పెద్దమనుషుల్ని పిలిపించింది. "సాక్షులు లేని పెళ్లిని రేపు ఎవరైనా కాదంటారు," అంది. ముచ్చటపడాల్సిన ముందుచూపే. పాదిరిగారు అడగవలసిన ప్రశ్న ఒకటుంది, యజమాని సెలవిచ్చాడా అని. కానీ అప్పటికే ఆయన ముందు పొగబెట్టిన పంది తొడ, ఆపిల్ సారాయి పెట్టారు. నోటికి తీరిక దొరకలేదు.

థామసిన్ దొరసాని చేతులు కళ్లకద్దుకుని ఏడ్చింది. "మా అమ్మ బతికున్నా ఇంత చేసేది కాదమ్మగారూ."

"ఊరుకో. శుభమా అని పెళ్లయితే ఆ ఏడుపేంటి?" అంది దొరసాని. ఆమె కళ్లూ చెమర్చాయి.

పాదిరిగారి పడవ సాగిపోయాక ఆమె లోపలికి వెళ్లింది. జ్వరం దిగినట్టుంది, దొర దిండుకానుకుని కూర్చున్నాడు. గొంతు కూడా దిగింది.

"పాదిరి వచ్చి వెళ్లాడా? మరి థామసిన్ నా దగ్గరికి రాలేదేం?"

"రాలేదు. ఇందాకే కొట్టంలో పీపాలవాణ్ణి పెళ్లాడేసింది. సాక్షులు కూడా ఉన్నారు, కోర్టుకు అది చాలు."

దొర మొహం పాలిపోయింది. "అయ్యో, ఎంత పని చేసింది! పోయినేడు నేను చావబోతుంటే నిద్రలు మాని నన్ను బతికించింది మార్జరీ. అడుగుతుందనే రోజూ ఎదురుచూస్తున్నాను. నోరు తెరిస్తే చాలు, ఆ క్షణమే సరే అనేవాణ్ణి!"

దొరసాని అతని దుప్పటి గుండెల దాకా లాగి సర్దింది.

"తెలుసండీ, అందుకే అడగనివ్వలేదు."