తడి తగిలిన కమ్మలు

జైతున్ బీ వచ్చి పీట మీద కూర్చోగానే సత్తెమ్మ కమ్మలు తెచ్చి ఆమె ముందు పెట్టింది. పోలీసు యాక్షన్‌కు ముందు, దాచిపెట్టమని జైతున్ బీ ఇచ్చిపోయిన వజ్రాల కమ్మలవి.

"నువ్వొస్తున్నవని తెలిసి కుంకుడురసంల నానబెట్టి కడిగిన చెల్లె. నా దుద్దులు గట్లనే కడుగుత, మంచిగ మెరుస్తయి. ఇవేమో నల్లబడ్డయి."

జైతున్ బీ ఒక కమ్మను వెలుతురుకు పట్టి చూసింది.

"మీవాటికి వెనక తెరిచి ఉంటది అక్కా. మావాటికి రాయి కింద వెండిరేకు పెట్టి మూసేస్తరు. తడి తగిలితే రేకు నల్లబడతది. పొడి మల్లుగుడ్డతోనే తుడవాలె."

ఆ గొంతులో కోపం లేదు. అసలేమీ లేదు. సత్తెమ్మకు అదే కష్టంగా ఉంది.

"కార్ఖానాల మాకు తెలిసిన కంసాలి ఉన్నడు. కొత్త రేకు వేయిస్త."

"వద్దక్కా, గిట్లనే ఉండనీ. గాజురాళ్ల లెక్క కనిపిస్తున్నయి. రైల్ల ఎవ్వరు గుంజుకోరు."

"రైలేంది? యాడికి పోతున్నవ్?"

"బొంబాయిల మా అన్న దగ్గరికి."

"మీ ఆయన షంషీర్ భాయి ఊరికెళ్లి వచ్చినంక ఇద్దరు కలిసి పోరాదు?"

జైతున్ బీ కమ్మల కోసం బుర్ఖాలోంచి చేయి చాపింది. ఆ చేతికి గాజులు లేవు.

సత్తెమ్మ ఆ బోసి చేతిని చూసి లేచి తన చేతుల తడి కొంగుకు తుడుచుకుంది. పెట్టెలోంచి పొడి మల్లుగుడ్డ తీసి, కమ్మలను రెండు మడతల్లో మూట కట్టింది.