తెరవకుండానే కనపడాలి

“ఆవిడకి మాత్రం నేను మార్కులు వేయను. మీరే వేసుకోండి,” అంటూ టీమ్ లీడర్ కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. డైరెక్టర్ సరేనన్నట్టు తలూపాడు. ఆవేళ ట్రైనీల ఆఖరి పరీక్ష.

గోడ పక్కన కూర్చున్న, ప్రోగ్రాముల్లో తప్పులు పట్టే టెస్టర్‌కి ఒళ్లు మండింది. ఆరు నెలలుగా చూస్తోందామె ఈ వరస. ట్రైనీల్లో మిగతా నలుగురూ పాతికేళ్ల లోపువాళ్లు. కొత్తావిడ ఒక్కతే యాభై దాటిన మనిషి. ఇన్నేళ్లూ బట్టలు కుట్టి, ఈమధ్యే కంప్యూటర్ కోర్సు చేసి వచ్చింది. కుర్రాళ్ల తప్పుల్ని నవ్వుతూ దిద్దే లీడర్, ఈవిడ కోడ్‌ని పదకొండుసార్లు తిప్పికొట్టాడు.

“మళ్లీ రాయండి,” అనేవాడు.

“అలాగే సార్,” అనేదావిడ. అంతకుమించి ఇద్దరి మధ్యా మాటల్లేవు.

ఆవిడకిచ్చిన పనైనా తేలికా అంటే అదీ కాదు. ఓ బట్టల ఫ్యాక్టరీ దగ్గర ముప్పైవేల ప్యాటర్న్ ఫైళ్లు, అంటే కత్తిరింపు నమూనాలు, ఉన్నాయి. పేర్లన్నీ అంకెలే. ఏది చొక్కానో ఏది గౌనో తెలియాలంటే ఒక్కోటీ తెరుచుకుంటూ పోవాలి. అలా కాకుండా, ఫైలు మీద ఒక్కసారి నొక్కగానే పక్కనున్న ప్రివ్యూ గడిలో బొమ్మ కనపడాలి. అందుకు ప్రోగ్రాంకి ఆపరేటింగ్ సిస్టమ్ ఇంటర్‌ఫేస్ పెట్టే షరతులు మూడు. ఫైలు ఇస్తాను, చదువుకో, మార్చకు. ఇంత చోటిస్తాను, అందులోనే గీసుకో. వెళ్లమనగానే అన్నీ వదిలేసి వెళ్లు. ఆ ఆఖరి షరతు దగ్గరే ఆవిడ పదేపదే బోల్తా పడింది. బొమ్మ చూపించాక ఆవిడ ప్రోగ్రాం ఫైలుని వదిలేది కాదు. డిలీట్ చేయబోతే “వాడుకలో ఉంది” అని మొండికేసేది.

“ఇక కానివ్వండి,” అన్నాడు డైరెక్టర్.

ఫ్యాక్టరీ మేనేజరమ్మ తన ఫైళ్లతో సహా వచ్చి కూర్చుంది. కొత్తావిడ అరచేతుల చెమట రుమాలుకి తుడుచుకుని, మౌస్‌ని మేనేజరమ్మ ముందుకే జరిపింది.

“మీరే నొక్కండమ్మా.”

నొక్కింది. కాలరు, చేతులు, ముందు భాగం, వీపు భాగం... ముక్కలన్నీ గడిలో పొందిగ్గా అమరాయి. కింది బాణం నొక్కింది. గౌను. మళ్లీ నొక్కింది. పిల్లల లాగు.

“అమ్మో! మూడేళ్లుగా వెతుకుతున్న కోటు! ఇదిగో ఇక్కడుంది!” అని అరిచినంత పని చేసింది మేనేజరమ్మ.

“గడి చిన్నది చేసి చూపించండి,” అంది లీడర్ గొంతు, కరుగ్గా.

బొమ్మ గడితోపాటే ఒదిగి చిన్నదైంది.

“ఇప్పుడు ఇది.”

అతనిచ్చిన ఫైలుని టెస్టర్ చూడగానే పోల్చుకుంది. సగంలో తెగిపోయిన ఫైలు అది. సీనియర్ల కోడే దాని ముందు కుప్పకూలింది. ట్రైనీలెవరికీ ఇంతవరకూ ఇవ్వలేదు.

గడి ఒక్క క్షణం తెల్లగా ఉండిపోయింది. తర్వాత ఒకే ఒక చెయ్యి ముక్క తేలింది. దాని కింద చిన్న అక్షరాలు: “మిగతా భాగం పాడైంది.”

“ఉన్న గుడ్డలోనే కదా సార్ కత్తిరించుకోవాలి,” అంది కొత్తావిడ నెమ్మదిగా.

“డిలీట్ చేయండి.”

కొత్తావిడ డిలీట్ నొక్కింది. ఫైలు కిక్కురుమనకుండా మాయమైంది.

ట్రైనీలు నలుగురూ బల్లలు చరుస్తూ ఈలలేశారు. మేనేజరమ్మ లేచి ఆవిణ్ణి వాటేసుకుంది.

“రేపట్నుంచి మీరు ట్రైనీ కాదు, మా ఇంజనీరు,” అన్నాడు డైరెక్టర్. కొత్తావిడ మొహం వెలిగిపోయింది.

చప్పట్లు కొట్టనిది లీడర్ ఒక్కడే. గబగబా బయటికి వెళ్లిపోయాడు.

టెస్టర్ ఇక ఊరుకోలేకపోయింది. వెంటపడి మెట్ల దగ్గర పట్టుకుంది.

“ఒక్క మాట మెచ్చుకుంటే మీ సొమ్మేం పోయేది సార్? పదకొండుసార్లు ఉసూరుమనిపించారు. చాలక, ఆ పాడు ఫైలు కూడా ఆవిడకే ఇచ్చారు!”

“ఉద్యోగం ఊరికే వచ్చిందని రేపెవరూ అనకూడదు,” అన్నాడతను అటు తిరిగే.

“ఎవరంటారు? అసలింత పగపట్టడానికి ఆవిడ మీకేం చేసింది?”

అతను ఇటు తిరిగాడు. కళ్లనిండా నీళ్లు, పెదాల మీద పట్టలేనంత నవ్వు.

“నన్ను కని పెంచింది.”