మూడో పాఠం

"తమ్ముడూ, డ్రైవరుగారి పవర్ రావట్లేదురా. ఈయనదే కాదు, ఎవరిదీ రావట్లేదు!" అని కౌంటర్ దగ్గర్నుంచి అక్క కేక పెట్టింది.

కళ్ళజోళ్ళ షాపు మూలన కంప్యూటర్ ముందు కూర్చున్న తమ్ముడు గబగబా డేటాబేస్‌ల జాబితా తెరిచాడు. పొద్దున అందులో రెండు పేర్లుండేవి: "షాపు", "షాపు-2". రెండు నెలల క్రితం కంప్యూటర్ పాడైనప్పుడు, బ్యాకప్ నుంచి అంతా తిరిగి తెచ్చి "షాపు-2" అని పేరు పెట్టింది తనే. అప్పట్నుంచీ పనంతా దాంట్లోనే. మొదటిది ఉత్త డొక్కు. "రెండెందుకురా దండగ? ఒకటి తీసి పారెయ్" అని బావ వారం రోజులుగా చెవినిల్లు కట్టుకుని పోరుతుంటే, ఇవాళ పదకొండింటికి కంప్యూటర్ కోర్సు నోటుబుక్కులో మూడో పాఠం ముందేసుకుని ఆ డొక్కును తీసేసి, టీకి వెళ్ళొచ్చాడు.

ఇప్పుడు జాబితాలో రెండూ లేవు.

"అక్కా, కొంప మునిగింది," అన్నాడు గొంతు తగ్గించి. "ఒకటి తీయబోయి రెండూ తీసేసినట్టున్నాను."

"అంటే?"

"ఎనిమిది వేలమంది కళ్ళు పోయాయి."

బస్సు డ్రైవరు ఉలిక్కిపడ్డాడు. కళ్ళజోడు సీటు మీద పెట్టి, దాని మీద తనే కూర్చుని, చెరో చేతిలో చెరో ముక్కా పట్టుకుని వచ్చాడాయన. "నా కళ్ళున్నాయి బాబూ, పవరే గుర్తులేదు. ఒంటిగంటకి బండి తియ్యాలి. కాస్త తొందరగా కానివ్వండి."

పద్నాలుగేళ్ళు అద్దాలు అరగదీసే మిషను దగ్గర తడిచేతులతో నిలబడితే, మూడు నెలల క్రితం తమ్ముడికి ఈ కుర్చీ దొరికింది. అదీ ఒక చక్రం ఊడిన కుర్చీ. "ఒక్క పొరపాటు చేశావా, మళ్ళీ మిషను దగ్గరికే" అని బావ మొదటి రోజే చెప్పాడు.

"మరి బ్యాకప్ దానంతటదే తీసుకుంటుందన్నావు కదరా?"

"తీసుకుంటుంది, రోజూ మధ్యాహ్నం పన్నెండింటికి. పాత కాపీ చెరిపి, దాని చోటే కొత్తది పెడుతుంది. ఇప్పుడు తీయడానికి ఏముంది గనక? ఖాళీ కాపీ పెడుతుంది. మిగిలిన నిన్నటిదీ పోతుంది."

గోడ గడియారంలో పన్నెండుకి ఇంకా ఏడు నిమిషాలుంది.

"చూస్తావేంరా, ఆపు!"

"పెట్టడం చెప్పారు. ఆపడం వచ్చేవారం పాఠం."

"బాగుంది నీ చదువు. బండి నడపడం నేర్పి, బ్రేకు వచ్చేవారం చూపిస్తామన్నట్టు!"

"అమ్మా, ఆ మాట నా ముందు అనకండి," అన్నాడు డ్రైవరు.

తమ్ముడు పాఠాల నోటుబుక్కు కోసం వెతికాడు. ఎవరు చూసి కొట్టినా పని జరిగేలా అక్షరం అక్షరం రాసుకున్న పుస్తకం అది. కీబోర్డు పక్కన లేదు. కుర్చీ కింద లేదు. ఫ్రేముల పెట్టెల వెనకా లేదు.

ఆ చప్పుడుకి కళ్ళు పరీక్ష చేసే గది తెర పక్కకి జరిగి, బావ తల బయటికొచ్చింది. "ఏంట్రా గొడవ?"

"ఏం లేదు!" అన్నారు అక్కా తమ్ముడూ ఒక్కసారే.

చిన్న స్క్రూ కింద పడితేనే షాపు కప్పు లేచిపోయేలా అరిచే మనిషి, "ఊఁ" అని తల లోపలికి లాక్కున్నాడు.

"పోనీ, ఆపడం రాకపోతే మానె. పాత కాపీకి పేరు మార్చడం వచ్చా?" అంది అక్క.

"వచ్చు."

"మార్చెయ్ మరి. ఒకే నంబరు ఫ్రేములు కొత్తవి వస్తే, పాత పెట్టె మీద 'పాత' అని రాసి పక్కకి జరపనూ? అలాగే."

తమ్ముడు అక్క మొహంలోకి చూశాడు. అంత ఫీజు పుచ్చుకున్న కోర్సులో, టై కట్టుకున్న ఒక్క మేస్టారికీ ఈ మాట తోచలేదు.

పేరు చివర "పాత" అని చేర్చి ఎంటర్ కొట్టాడో లేదో, పన్నెండైంది. డిస్కు గుర్రుమంది. పక్కన కొత్త కాపీ వచ్చి కూర్చుంది. తెరిచి చూస్తే సున్నా. నిన్నటిది మాత్రం చెక్కుచెదరలేదు.

తిరిగి తెచ్చే పద్ధతి గుర్తు తెచ్చుకుంటూ కొట్టాడు. రెండుసార్లు తప్పింది. మూడోసారికి "షాపు-2" జాబితాలోకి వచ్చింది. నిన్న మధ్యాహ్నం నుంచీ వచ్చిన నలుగురివీ అక్క చీటీలు చూసి మళ్ళీ ఎక్కించి, డ్రైవరు పేరు కొట్టింది.

"కుడి మైనస్ ఒకటింపావు, ఎడమ మైనస్ రెండు. అరగంటలో బిగించి ఇచ్చేస్తాం. ఈసారైనా సీటు మీద పెట్టకండి."

"ఇక ముక్కు మీంచి దించితే ఒట్టు!"

తమ్ముడు లేచాడు. "బావకి చెప్పేసి వస్తాను."

"నీకేమైనా పిచ్చా? అంతా సర్దుకుందిగా, నోరు మూసుకుని కూర్చో."

"దాచిపెట్టి కూర్చుంటే ఈ కుర్చీ గుచ్చుకుంటుందక్కా."

తెర తీసుకుని లోపలికెళ్ళాడు. "బావా, తప్పు చేశాను. షాపు-2 కూడా తీసేశాను. మళ్ళీ తెచ్చాలే. అయినా మిషను దగ్గరికి పొమ్మంటే పోతాను."

బావ శుభ్రంగా ఉన్న కళ్ళజోడుని చాలాసేపు తుడిచాడు.

"మొత్తం వచ్చిందా?"

"మొత్తం."

"ఎనిమిది వేలూ?"

"ఒక్కటి తగ్గలేదు."

బావ గట్టిగా ఊపిరి వదిలాడు. తెర సందులోంచి పెళ్ళాం ఇటు చూడట్లేదని ఖాయం చేసుకున్నాడు. తెల్లకోటు జేబులోంచి, మూడో పాఠం దగ్గర మడత పెట్టిన నోటుబుక్కు తీసి బామ్మర్ది చేతిలో పెట్టాడు.

"మిషనూ లేదు, గిషనూ లేదు. నువ్వు టీకి పోయాక చూస్తే ఆ రెండోది ఇంకా అక్కడే కనబడింది. మీ అక్కకి చెప్పకు గానీ, రేపట్నుంచి నాకు నాలుగో పాఠం మొదలెట్టు... తీసేయడం నాకు వచ్చేసింది."